ఆమెర్స్టా, విలియమ్సా: పైసల్లేనోళ్లకు ఏ గేటు తెరుసుకుంటది?

ఈ నవంబర్ల నేను ఒక్క కాలేజీకి మాట ఇయ్యాలె. అమెరికా కాలేజీల అడ్మిషన్లల్ల ‘ఎర్లీ డిసిజన్’ అని ఒకటుంటది. అందరికంటె ముందుగాల అప్లై చెయ్యొచ్చు, డిసెంబర్ల ఫలితం చెప్తరు. సీటు వస్తే మాత్రం కచ్చితంగ అక్కడికే పోవాలె, మిగిలిన అప్లికేషన్లన్ని వాపస్ తీసుకోవాలె. లగ్గం కుదుర్చుకున్నట్టే అనుకోండ్రి. ఒక్కరికే ఒప్పుకోవాలె కాబట్టి ఆ ఒక్కటి ఏదన్నది తేల్చుకోవాలె. నా లిస్టుల మిగిలినయ్ రెండే. మసాచుసెట్స్ రాష్ట్రంల ఉన్న ఆమెర్స్ట్ కాలేజీ, అదే రాష్ట్రంల కొండల నడుమ ఉన్న విలియమ్స్ కాలేజీ. (స్పెల్లింగుల ‘హెచ్’ ఉంటది గానీ అక్కడోళ్లు పలుకరు. నేను గూడ అట్లనే రాస్తున్న.)

నాది ఇంటర్ సెకండియర్, ఎంఈసీ. బాపు ఆర్టీసీల డ్రైవర్, అమ్మ ఇంట్ల మిషన్ కుడ్తది. ఏడాదికి ఇంటి ఆమ్దానీ ఐదున్నర లక్షలు. ఈ రెండు కాలేజీలల్ల ఏడాది ఖర్చు ఫీజు, హాస్టల్, తిండి కలిపి 90 వేల డాలర్లు దాటింది. మన పైసలల్ల 75 లక్షల పైమాటే. బాపు పదమూడేండ్లు బండి నడిపితె నాకు ఒక్క ఏడాది సదువు. ఇదంత తెలిసి కూడ ఎందుకు అప్లై చేస్తున్నవ్ అని మీరడగొచ్చు. ఆ లెక్క చెప్పేతందుకే ఇది రాస్తున్న. ఎందుకంటె ఈ లెక్క మన దిక్కు చెప్పేటోళ్లు తక్కువ.

ముందు ఈ కాలేజీలు ఏందో చెప్పాలె. మన దగ్గర అమెరికా సదువు అంటే ఎంఎస్. బీటెక్ అయినంక లోన్ తీసుకొని పోవుడు. 2023-24ల అమెరికాల సదివే మన దేశపోళ్లు 3,31,602 మంది అని అక్కడి ఓపెన్ డోర్స్ లెక్క. చైనాను దాటి ఫస్ట్ ప్లేసుకు వచ్చినం. అండ్ల డిగ్రీ, అంటే అండర్‌గ్రాడ్యుయేట్ సదివేటోళ్లు 36 వేల మందే. మిగిలినోళ్లల్ల ఎక్కువమంది మాస్టర్స్, లేకపోతె సదువు అయినంక ఓపీటీ మీద ఉన్నోళ్లు. డిగ్రీకి పోయేటోళ్లే తక్కువంటే, అండ్ల లిబరల్ ఆర్ట్స్ కాలేజీలకు పోయేటోళ్లు ఇంకెంత తక్కువో మీరే ఊహించుకోండ్రి.

ఆమెర్స్ట్ పేరు చెప్తే మా గల్లీల ఒక అన్న “ఆఁ, మా దోస్తు ఆడ్నే ఎంఎస్ చేసిండు” అన్నడు. ఆయన చెప్పింది యూమాస్ ఆమెర్స్ట్ గురించి. అది 30 వేల మంది సదివే సర్కారు యూనివర్సిటీ. నేను చెప్పేది అదే ఊర్ల ఉన్న ఒక చిన్న కాలేజీ. మొత్తం పిల్లలు రెండు వేలకు జర తక్కువ. విలియమ్స్‌ల రెండు వేలకు జర ఎక్కువ. మా జూనియర్ కాలేజీ అన్ని బ్రాంచీలు కలిపితె అంతకంటె ఎక్కువ మంది ఉంటరు. ఏడుగురు పిల్లలకు ఒక ప్రొఫెసర్ లెక్కన ఉంటరు. ఇంజినీరింగ్ డిగ్రీ ఇయ్యరు, ఎంబీఏ ఉండదు. లెక్కలు, చరిత్ర, ఎకనామిక్స్, ఫిజిక్స్, సంగీతం ఇట్లాంటియన్ని కలిపి సదువుతరు, రెండో ఏడాదిల ఒక సబ్జెక్టు మేజర్‌గ ఎంచుకుంటరు. వంద మంది అప్లై చేస్తే అటూ ఇటూ పది మందికే సీటు. యూఎస్ న్యూస్ ర్యాంకులల్ల ఈ తీరు కాలేజీలల్ల ఏండ్ల సంది విలియమ్స్ ఫస్ట్, ఆమెర్స్ట్ సెకండ్. ఆ ర్యాంకుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఎంసెట్ ర్యాంకుల పోస్టర్ల నడుమ పెరిగిన పిల్లకు ఫస్టు, సెకండు అంటే భయం తప్ప భక్తి ఉండదు.

ఈ రెండింటి పంచాది పాతది. విలియమ్స్ 1793ల పెట్టిండ్రు. కొండలల్ల ఎక్కడో మూలకున్నది, ఇక్కడ కాలేజీ నడువదు అని దాని ప్రెసిడెంట్ జెఫనయ్య మూర్ 1821ల కొందరు పిల్లలను తోలుకొని ఆమెర్స్ట్‌కు వచ్చిండు. అట్ల పుట్టింది రెండోది. పోయేటప్పుడు లైబ్రరీ పుస్తకాలు గూడ ఎత్తుకపోయిండని విలియమ్స్ పిల్లలు ఇప్పటికీ ఎక్కిరిస్తరట, అది ఉత్త కతనే. కాలేజీల నడుమ మొట్టమొదటి బేస్‌బాల్ మ్యాచ్ 1859ల ఈ రెండింటికే అయింది. 73-32 తోని ఆమెర్స్ట్ గెలిచింది. ఇంకో ముచ్చట. 1806ల విలియమ్స్ పిల్లలు కొందరు వానకు గడ్డివాము కింద దాసుకొని చేసిన ప్రార్థనల కెళ్లే అమెరికా మిషనరీ సంఘం పుట్టుక మొదలైంది. వాళ్ల తొలి ఓడలు 1812ల బయలెల్లింది మన దేశానికే. అంటే ఆ కాలేజోళ్లు ఇక్కడికి వచ్చి 200 ఏండ్లు దాటింది. మనం అక్కడికి పోవుడే ఇంకా అలవాటు గాలె.

ఇగ అసలు ముచ్చటకొద్దాం. పైసలు.

రెండు కాలేజీలు ఒక మాట చెప్తయ్: సీటు ఇచ్చినంక మీ ఇంటోళ్లు ఎంత కట్టగలరో లెక్కగట్టి, తక్కువ పడ్డదంత మేమే పెడ్తం. ఇది ఉత్త మాట గాదు, నిజంగనే పెడ్తరు. ఐదున్నర లక్షల ఆమ్దానీ ఉన్న ఇంటికి కట్టాల్సింది శానా తక్కువ వస్తది. మరి తేడా ఎక్కడున్నది? సీటు ఇచ్చేటప్పుడు మన పేదరికాన్ని చూస్తరా, చూడరా అన్న కాడ.

ఆమెర్స్ట్ చూడదు. దీన్ని నీడ్-బ్లైండ్ అంటరు. అప్లికేషన్ చదివే మనిషి టేబుల్ మీద నా సాయం ఫారం ఉండదు. నాకు ఏడాదికి 85 వేల డాలర్లు కావాల్నా, ఒక్క డాలర్ కూడ అవసరం లేదా అన్నది సీటు తేలేదాంక లెక్కల్కి రాదు. ఇంతకంటె ముఖ్యం, విదేశీ పిల్లలకు కూడ ఇదే కాయిదా. అమెరికా పిల్లలకు ఇట్ల చేసే కాలేజీలు మస్తున్నయ్. విదేశపోళ్లకు కూడ చేసేటియి హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మౌత్, బోడిన్, బ్రౌన్ అసొంటియి. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

విలియమ్స్ అమెరికా పిల్లలకు చూడదు, విదేశీ పిల్లలకు చూస్తది. దీన్ని నీడ్-అవేర్ అంటరు. విదేశీ పిల్లల కోసం ఇంత బడ్జెట్ అని పెట్టుకుంటరు. ఇద్దరు సమానంగ ఉంటే, ఒకరు పూర్తి ఖర్చు కట్టగలిగితె, ఇంకొకరికి నాలుగేండ్లల్ల మూడున్నర లక్షల డాలర్లు పెట్టాల్సి వస్తే, ఎవరి దిక్కు మొగ్గుతదో చెప్పనక్కర లేదు. తప్పుబట్టుడు కూడ కష్టమే. పైసలకు హద్దు ఉంటది, హద్దు ఉన్నదని వాళ్లు దాచిపెట్టుత లేరు. హైదరాబాద్‌ల ఇంటర్నేషనల్ స్కూల్ల సదివి మొత్తం ఫీజు కట్టగలిగే పిల్లకు ఈ రెండు కాలేజీల నడుమ ఈ తేడా అసలు కనపడదు. కట్టలేని పిల్లకు ఇదే మొదటి తేడా.

అట్లని విలియమ్స్‌ను పిసినారి అనుకోవద్దు. గేటు దాటినంక దాని చెయ్యి పెద్దది. 2022ల అమెరికాలనే మొదటిసారి ఆ కాలేజీ సాయం ప్యాకేజీల కెళ్లి లోన్లు తీసేసింది, దాంతోపాటు ‘వారానికి ఇన్ని గంటలు క్యాంపస్‌ల పని చెయ్యాలె’ అన్న షరతు కూడ తీసేసింది. మొత్తం గ్రాంటే. ఆమెర్స్ట్‌ల కూడ లోన్ ఉండదు గానీ క్యాంపస్ పని జీతం ప్యాకేజీల ఒక వంతు. లైబ్రరీల కూసుండుడు, మెస్‌ల ప్లేట్లు సదురుడు నాకు నామోషీ గాదు. అమ్మ మిషన్ కాడ కాజాలు కుట్టుకుంటనే టెన్త్ సదివిన. గానీ పక్క బెంచి పిల్ల ల్యాబుల ప్రొఫెసర్ తోని రీసెర్చ్ చేసే పూట నేను డెస్క్ కాడ కూసుంటె, నాలుగేండ్లల్ల ఆ తేడా పెరుగుతది. ఆ సంగతి విలియమ్స్‌కు ముందుగాల సమజైంది.

ఒక్క కిటుకున్నది. ఇసొంటి పాలసీలు రాతి మీద రాసినయ్ గావు. 2008ల విలియమ్స్ ఒకసారి లోన్లు తీసేసింది. ఆ ఏడే మాంద్యం వచ్చింది, కాలేజీ నిధి కరిగింది. 2010ల మళ్ల లోన్లు పెడుతమన్నది. విదేశీ పిల్లలకున్న నీడ్-బ్లైండ్ కూడ ఆ రోజులల్లనే ఎత్తేసింది. ఆమెర్స్ట్ అదే మాంద్యంల నిలబడ్డది. నేను కాలేజీల మాటలు నమ్మేముందు కష్టకాలంల ఏం చేసినయో చూస్తున్న. ఇప్పుడు మళ్ల కష్టకాలమే అసొంటిది నడుస్తున్నది కదా.

ఆ కష్టకాలం సంగతి చూద్దాం. ఈ కాలేజీలు గింత సాయం చేస్తున్నయంటే ఫీజు పైసలతోని గాదు, ఎండోమెంట్ తోని. పాత విద్యార్థులు ఇచ్చిన విరాళాలు మార్కెట్ల పెట్టి పెంచిన నిధి. రెండింటికి మూడు బిలియన్ డాలర్ల పైన ఉన్నది, ఒక్కో విద్యార్థి తలకు 15 లక్షల డాలర్లకు పైనే పడ్తది. ఈ నిధుల లాభం మీద 2017ల ట్రంప్ సర్కారు 1.4 శాతం పన్ను పెట్టింది. మొన్న జులైల పాసైన పెద్ద బిల్లుల దాన్ని 8 శాతం దాంక పెంచిండ్రు. తలకు ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ పన్ను. ఆ లెక్కన ఈ రెండు కాలేజీల మీద 4 శాతం పడాలె. గానీ అదే బిల్లుల ఫీజు కట్టే పిల్లలు 3,000 కంటె తక్కువుంటే పన్ను వద్దు అని రాసిండ్రు. చిన్నగ ఉండుడే వీటిని కాపాడింది. పెద్ద యూనివర్సిటీలు పన్నుకు పైసలు తీసి పక్కన పెట్టే టైంల ఈ చిన్న కాలేజీల మీద పాత 1.4 శాతం కూడ పోతున్నది. పైసల్లేని విదేశీ పిల్లకు దీనికంటె మంచి వార్త ఈ ఏడాది రాలె. మన చానళ్లల్ల మాత్రం హార్వర్డ్ పంచాది తప్ప ఇది కనపడలె.

సాయం అడగాల్నంటె ‘సీఎస్ఎస్ ప్రొఫైల్’ అనే ఫారం నింపాలె. ఈ ఫారం మన ఇండ్లను దృష్టిల పెట్టుకొని చేసింది గాదు. జీతం ఎంత, పన్ను కాగితాలేవి అని అడుగుతది. దాని వరకు ఇబ్బంది లేదు, బాపుకు ఫారం-16 వస్తది. అమ్మ కుట్టుపని ఆమ్దానీకి కాగితం ఏడికెళ్లి తెస్తం? ఇంకోటి, ఆస్తులు. మాకు జనగామ దిక్కు ఊర్ల ఎకరం ముప్పై గుంటలున్నది. వాన పడితె పత్తి, లేకపోతె బీడు. ఏడాదికి 30 వేలు మిగిలితె గొప్ప. హైవే పక్కన కాబట్టి ఎకరం అర కోటి అని రియల్ ఎస్టేటోళ్లు అంటరు. భూభారతిల సర్కారు విలువ ఇంకో తీరుగుంటది. ఫారంల ‘మార్కెట్ విలువ’ అన్న గడిల ఏం రాయాలె? ఎకరానికి అర కోటి లెక్కన రాస్తే మేం ఉన్నోళ్లమైతం. అమెరికాల కూసున్న అధికారికి ‘వీళ్లకు దగ్గర దగ్గర లక్ష డాలర్ల భూమున్నది, అమ్మొచ్చు’ అనిపిస్తది. అమ్ముడంటే ముగ్గురు పాలోళ్ల సంతకాలు కావాలె, కోర్టుల కేసు తేలాలె.

దీనికి నేను కనుక్కున్న దారి ఒక్కటే. ఫారంల ‘ప్రత్యేక పరిస్థితులు’ అని కొంచెం జాగ ఉంటది. అండ్ల ఉన్నదున్నట్టు రాసుడు. భూమి ఎంత, పంట ఎంత, పాలోళ్లెవరు, ఎందుకు అమ్మలేం. కాగితాలు ఏవైతే ఉన్నయో అవి జత చేసుడు. ఆమ్దానీ తగ్గించి రాయించుకొస్తం అని కొన్ని కన్సల్టెన్సీలు చెప్తయ్. ఆ పని చేస్తే, రేపు వీసా ఇంటర్వ్యూల బ్యాంకు కాగితాలకు, ఈ ఫారానికి పొంతన కుదరక మొత్తం పోతది. అసలు ఈ కన్సల్టెన్సీలు ఇట్లాంటి కాలేజీల పేరే ఎందుకెత్తరో తెలుసా? ఇవి ఏజెంట్లకు కమీషన్ ఇయ్యవు.

సదువు తీరుకొస్తే నా మనసు ఇంకో దిక్కు గుంజుతది. ఆమెర్స్ట్‌ల ‘ఓపెన్ కరికులం’. మొదటి ఏడాది ఒక సెమినార్, తర్వాత మేజర్ సబ్జెక్టుకు కావల్సినయ్, అంతే. మిగిలిందంత నీ ఇష్టం. లెక్కలు వద్దంటే నాలుగేండ్లు లెక్కల మొకం చూడకున్నా నడుస్తది. దాంతోపాటు చుట్టుపక్కల స్మిత్, మౌంట్ హోలియోక్, హ్యాంప్‌షైర్ కాలేజీలు, యూమాస్ ఉన్నయ్. ఐదింట్ల ఎక్కడైనా క్లాసు తీసుకోవచ్చు. చిన్న కాలేజీల దొరకని సబ్జెక్టు యూమాస్‌ల దొరుకుతది.

విలియమ్స్‌ల జర కట్టుబాట్లున్నయ్. కళలు, సమాజ శాస్త్రాలు, సైన్స్ మూడు భాగాలల్ల ఒక్కోదాంట్ల మూడు కోర్సులు తప్పనిసరి. రాసుడు మీద, లెక్కల తీరు ఆలోచన మీద కోర్సులు, సమాజంల ఎక్కువతక్కువల మీద ఒక కోర్సు చెయ్యాలె. జనవరి మొత్తం ఒక్క కోర్సే, ‘వింటర్ స్టడీ’ అంటరు. వీటన్నిటి కంటె పేరుబడ్డది ట్యుటోరియల్. ఇద్దరు విద్యార్థులు, ఒక ప్రొఫెసర్. ఒక వారం ఒకరు వ్యాసం రాసి సదువుతరు, ఇంకొకరు అండ్ల తప్పులు పట్టాలె. తెల్లారి వారం తారుమారు. ప్రొఫెసర్ ఎక్కువ మాట్లాడడు.

మీరు ఇంటర్ ఎట్ల సదివిండ్రో నాకు తెల్వదు. నేనైతె పొద్దుగాల స్టడీ అవర్ కెళ్లి రాత్రి స్టడీ అవర్ దాంక సదువుత, ఒక క్లాసుల 80 మందిమి. రెండేండ్లల్ల ‘నువ్వేమనుకుంటున్నవ్’ అని నన్ను అడిగిన లెక్చరర్ ఒక్కరు లేరు. తప్పు వాళ్లది గాదు, సిలబస్ ఒడగొట్టాలె. అసొంటి కాడికెళ్లి పోయి, ఒక ప్రొఫెసర్ ముందల కూసొని ఇంకో పిల్ల రాసిన వ్యాసంల ఇది తప్పు అని మొకం మీద చెప్పుడంటే నాకు గుండె దడ పుడ్తది. అందుకే అది కావాల్ననిపిస్తది. ఓపెన్ కరికులం గురించి నాకున్న అనుమానం కూడ ఇదే. ఏం కావాల్నో ముందే తెలిసిన పిల్లలకు అది స్వర్గం. ఆరో తరగతి సంది ఏం సదువాలెనో పక్కోడు చెప్తే సదివిన మాలాంటోళ్లకు, ఒక్కసారిగ ‘నీ ఇష్టం’ అంటే సులువైనయే ఏరుకునే ప్రమాదమున్నది. విలియమ్స్ కట్టుబాట్లు నాకైతె బంధనం అనిపించలె. సదువు వరకే చూస్తే నా ఓటు విలియమ్స్‌కే.

గానీ ఓటు వేసేది ఒక్క సదువు చూసి గాదు. అమెరికా రాజకీయం కూడ ఇండ్ల ఉన్నది.

2023 జూన్‌ల అక్కడి సుప్రీంకోర్టు అడ్మిషన్లల్ల జాతిని లెక్కల్కి తీసుకోవద్దన్నది. తర్వాతి ఏడాది ఆమెర్స్ట్‌ల చేరిన కొత్త బ్యాచ్‌ల నల్లజాతి పిల్లలు 11 శాతం కెళ్లి 3 శాతానికి పడ్డరు. ఒక్క ఏడాదిల. ఈ తీర్పు వచ్చినప్పుడు మనోళ్లు కొందరు వాట్సాపుల ‘ఇగ మనకు సీట్లు పెరుగుతయ్’ అని సంబురపడ్డరు. అది అక్కడ పుట్టిన ఏషియన్ అమెరికన్ పిల్లల లెక్క. నాలాంటి విదేశీ విద్యార్థిని వాళ్లు జాతి లెక్కలల్ల కలుపరు, వేరే గడిల రాస్తరు. ఆ కోర్టు తీర్పు తోని మనకొచ్చింది ఏం లేదు. ఆమెర్స్ట్ గురించి ఇంకోటి కూడ చెప్పాలె. 2021లనే అది పాత విద్యార్థుల పిల్లలకు ఇచ్చే లెగసీ మినహాయింపును ఎత్తేసింది. తాత సదివిండని మనుమనికి సీటు ఇచ్చే పద్ధతి పోయింది. తాత పేరు చెప్పుకోను లేని నాలాంటోళ్లకు ఇది చిన్న సంగతేం గాదు.

విలియమ్స్ మొన్న ఎండకాలం వార్తలకెక్కింది. ట్రంప్ సర్కారు సైన్స్ గ్రాంట్లకు కొత్త షరతుల కాగితం పెడితె, అండ్ల ఏమున్నదో తేలేదాంక కొత్త గ్రాంట్లు తీసుకోమని ఆపింది. ఎదురు నిలబడుడు మంచిదే. అయితె ఎదురు నిలబడ్డ కాలేజీ మీద సర్కారు కన్ను పడితె మొదట దెబ్బ తగిలేది విదేశీ పిల్లలకు అని హార్వర్డ్ కాడ చూసినం. ఈ అక్టోబర్ మొదట్ల తొమ్మిది యూనివర్సిటీలకు పంపిన ఒప్పందంల, డిగ్రీల విదేశీ పిల్లలు 15 శాతం మించొద్దు, ఒక దేశం కెళ్లి 5 శాతం మించొద్దు అని రాసిండ్రు. ఆ తొమ్మిదిట్ల ఈ రెండు లేవు. ఎంఐటీ వద్దన్నది. గానీ ఆ 5 శాతం మాట ఎవని మీద పడ్తదో వేరే చెప్పాల్నా? చైనా మీద, మన మీద.

వీసా కత ఇంకో ఒడువని ముచ్చట. మే నెలాఖర్ల విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూలు ఆపిండ్రు, జూన్‌ల మళ్ల మొదలుపెట్టి సోషల్ మీడియా అకౌంట్లు అందరికీ కనపడేటట్టు పెట్టుకొమ్మన్నరు. సెప్టెంబర్ 19న హెచ్-1బీ కొత్త పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాల్నన్నరు. మా అమ్మ ఇంటికొచ్చినోళ్లందరిని ‘మరి నౌకరి వస్తదా’ అని అడుగుతున్నది. ఇన్నేండ్లు దానికి ఒకటే జవాబుండె, ఎంఎస్ చేస్తే ఐటీల వస్తది అని. ఇప్పుడు ఆ జవాబు కూడ గట్టిగ చెప్పేటోడు లేడు. సదువు అయినంక ఓపీటీ మీద ఏడాది పని చేసుకోవచ్చు, స్టెమ్ సబ్జెక్టులైతె ఇంకో రెండేండ్లు. ఎకనామిక్స్‌ను కొన్ని కాలేజీలు ఎకనోమెట్రిక్స్ కోడ్ కింద పెట్టి స్టెమ్ లెక్కల చేర్చినయ్, మేజర్ ఎంచుకునేముందు అది చూసుకోవాలె. ఈ ఓపీటీ కూడ ఉంటదో ఊడ్తదో అన్న ముచ్చట నడుస్తనే ఉన్నది.

నేను అమ్మకు చెప్పేది ఇది. 40 లక్షల లోన్ తీసుకొని పోయినోళ్లకు అక్కడ నౌకరి రాకపోతె ఇల్లు మునుగుతది. వాపస్ రాలేరు, ఉండలేరు. లోన్ లేకుంట పోయిన పిల్లకు నౌకరి రాకపోతె టికెట్ కొనుక్కొని వాపస్ వస్తది. పైసలున్నోళ్లు చేసే సాహసం లేనోళ్లు కూడ చేయగలిగేది అప్పు లేనప్పుడే. ఇయ్యాల్టి హెచ్-1బీ రోజులల్ల ఈ రెండు కాలేజీలు మనసొంటోళ్లకు ఎంఎస్ కంటె తక్కువ రిస్కు అని నేనంటే నవ్వుతరు గానీ, లెక్క గదే చెప్తది. వీసా అధికారి ముందల కూడ ‘ఫీజు ఎవరు కడ్తరు’ అంటే కాలేజీ ఉత్తరం చూపెట్టొచ్చు.

మరి మన దిక్కు కెళ్లి ఇసొంటి కాలేజీలకు ఎందుకు పోతలేరు? తెలివి తక్కువై గాదు. ఆ అప్లికేషన్‌ల కౌన్సెలర్ ఉత్తరం అడుగుతరు. మా కాలేజీల కౌన్సెలర్ అనే పోస్టే లేదు. ఆఫీసుల అడిగితె “బోనఫైడ్ ఇస్తం తీస్కపో, నీ గురించి ఇంగ్లిషుల రెండు పేజీలు రాసుడేంది” అన్నరు. నెల సంది తిరుగుతున్న. చివరికి ఎకనామిక్స్ మేడం ముందుకొచ్చింది, ఆమె కూడ ఇట్లాంటిది ఎన్నడూ రాయలె. తొమ్మిదో తరగతి సంది మార్కులు, బడి గురించి వివరం, ఇన్ని కాగితాలు ఆన్‌లైన్ల ప్రిన్సిపాల్ లాగిన్ కెళ్లి పంపాలె. పెద్ద ఇంటర్నేషనల్ స్కూళ్లల్ల ఈ పనికే మనుషులుంటరు. సర్కారు జూనియర్ కాలేజీల, గురుకులంల ఎవరున్నరు?

మన సర్కారు విదేశీ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు 20 లక్షల దాంక ఇస్తది. మంచి పథకం, ఎందరో బయటపడ్డరు. గానీ అది పీజీకి, ఆపై సదువులకు. డిగ్రీకి గాదు. నేనడిగేది డిగ్రీకి కూడ 20 లక్షలు ఇయ్యుమని గాదు. ఖర్చంత భరించే కాలేజీలు ఉన్నప్పుడు 20 లక్షలతోని పనే లేదు. శాట్ ఫీజు, ఇంగ్లిష్ టెస్టు ఫీజు, 185 డాలర్ల వీసా ఫీజు, 350 డాలర్ల సెవిస్ ఫీజు, ఒక విమానం టికెట్. రెండు లక్షలల్ల పని అయితది. జిల్లాకొక మనిషిని పెట్టి, పదో తరగతిలనే మంచి పిల్లలను పట్టుకొని, ఈ ఫారాలు నింపుడు నేర్పిస్తే, ఒక్క ఎంఎస్ విద్యార్థికి ఇచ్చే పైసలల్ల పది మంది పిల్లలు అప్లై చేస్తరు. పదిట్ల ఒకరికి వచ్చినా సర్కారుకు నష్టం లేదు. గురుకులాల పిల్లలను ఎవరెస్టు ఎక్కించిన రాష్ట్రం ఇది, ఒక ఫారం నింపించుడు చేతగాదా?

నా లెక్క ఇట్ల తేలింది. ఎర్లీ డిసిజన్ ఆమెర్స్ట్‌కు. ట్యుటోరియల్ మీద మనసున్నా, పేదరికాన్ని చూడని గేటు కాడనే ముందుగాల నిలబడ్త. ఇచ్చిన సాయం సరిపోకపోతె మాట వాపస్ తీసుకునే వీలు కూడ ఎర్లీ డిసిజన్ల ఉంటది, కాబట్టి బాపు సంతకం పెట్టిండు. డిసెంబర్ల కాదంటే జనవరి మొదట్ల విలియమ్స్‌కు మామూలు పద్ధతిల పంపుత. నీడ్-అవేర్ అయినా అడిగితె పోయేదేముంది, ఫీజు మాఫీ ఉండనే ఉన్నది. రెండూ రాకపోతె హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల ఐదేండ్ల ఎంఏ ఉన్నది, దానికి సీయూఈటీ రాయాలె. సోనిపట్ల అశోక, మన పక్కన శ్రీసిటీల క్రియా ఇదే తీరు సదువు చెప్తున్నయ్ గానీ, అక్కడ కూడ సాయం ఎంత ఇస్తరన్న దాని మీదనే ఆధారం.

విలియమ్స్ మామూలు ఫలితాలు వచ్చేది మార్చిల. మా ఇంటర్ పబ్లిక్ పరీక్షలు కూడ అప్పుడే.